కడిగిన మృదంగం

"ఆ పెట్టె దించు రాజీ. పదిమంది చూస్తున్నారు."

"చూడనీండి. కడిగేటప్పుడు ఎవరూ చూడలేదు. ఇప్పుడన్నా చూడనీండి."

రాజేశ్వరి ట్రంకుపెట్టె గడప దాటి వరండాలోకి వచ్చింది. రెండో చెవి పట్టుకుని పార్థసారథి లోపలికి లాగుతున్నాడు. మొగుడూ పెళ్ళామూ ఒకే పెట్టెను రెండు దిక్కులకు ఇంత శ్రద్ధగా మోయడం తార్నాకలో అంతకుముందు ఎవరూ చూసి ఉండరు.

పెరట్లో బట్టలుతికే బండ మీద, బోర్లించిన ఇత్తడి బిందె పక్కన, రాజేశ్వరి తమ్ముడు శ్రీనివాసులు మృదంగం నీళ్ళోడుతూ నిలబడి ఉంది. సాయంత్రం ఆర్ట్స్ కాలేజీ ముందు కచేరీలో వాయించవలసిన మృదంగం అది. కుర్రవాడు దాని ఎదుట గొంతుకూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. మాట్లాడడమూ లేదు. అక్క వచ్చి భుజం మీద చెయ్యి వేసినా తల ఎత్తలేదు.

కుడి మూత నడుమ నల్లటి పూత ఒకటి ఉంటుంది. అది ఉంటేనే మృదంగం పలుకుతుంది, లేకపోతే పీపా. ఆ పూత సగానికి సగం లేచిపోయింది. మిగిలిన సగం పొడి పొడిగా వేలికి అంటుతోంది.

జరిగింది ఇంతే. పొద్దున సాధన కాగానే, గుమ్మని పలకడానికి ఎడమ మూతకు పెట్టిన తడి రవ్వ ముద్దను గీకకుండా అతడు యూనివర్సిటీ చూసి వస్తానని వెళ్ళాడు. రాజేశ్వరి అత్తగారు గౌరమ్మ వరండాలోకి వచ్చింది. చూసింది. ఒక పక్క ఎండిన ఉప్మా, ఇంకో పక్క బాండలి అడుగున పట్టినంత మసి. ఆమె మృదంగాన్ని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ వింటూనే ఉంది కానీ దగ్గరగా ఎన్నడూ చూడలేదు. మడి కట్టుకునే మనిషికి తోలు వస్తువుతో పనేముంది?

ఇక గౌరమ్మ తోమడం గురించి చెప్పాలి. ఆమె తోమి ఎండలో పెట్టిన బిందెలో మొహం చూసుకుని, హబ్సిగూడ బస్సు డ్రైవరు ఒకాయన బస్సాపి మీసం దువ్వుకున్నాడు. కండక్టరు సాక్ష్యం ఉంది. అటువంటి చెయ్యి, బూడిదా కొబ్బరిపీచూ తీసుకుని, ఆ మసి మీద పడింది.

"ఏరా పార్థా," వంటింట్లోంచి గొంతు వచ్చింది, "మీ ఆవిడకు చెప్పు. ఉప్మా అంటుకున్న వస్తువును కడగకుండా వదిలేసే ఇల్లు గాదు ఇది."

"మీ అమ్మగారికి చెప్పండి. అది ఉప్మా కాదు, రవ్వ. ఆ పక్కది మసి కాదు, మా తమ్ముడి బతుకు."

"రవ్వ ఉడికిస్తే ఉప్మా గాక ఇంకేమయితాదో అడుగురా."

"వారం నుంచి ధబధబలతో తలనొప్పి అన్నది ఎవరో అడగండి. తోలు సామాను ఇంట్లోకి ఏంటికి అన్నది ఎవరో అడగండి. అడిగి, సరిగ్గా ఈరోజే కడగాలని ఎందుకు బుద్ధి పుట్టిందో అది గూడా అడగండి."

పార్థసారథి యూనివర్సిటీ ఆఫీసులో ఫైళ్ళను ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి చేర్చే ఉద్యోగి. ఆ అనుభవంతోనే మాటల్ని కూడా ఇటు నుంచి అటు చేర్చడానికి నోరు తెరిచాడు. తెరిచి, మూసుకున్నాడు. చేర్చనవసరం లేదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు ఆగితే మొదటిసారి వచ్చినవాళ్ళకు ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంట్లోవాళ్ళకు మాత్రం గుండె జారుతుంది.

"కావాలనే చేసిందంటావా?" అన్నాడు అతడు మెల్లగా.

"నేనేమీ అనను. నన్నూ నా తమ్ముణ్ణీ కాచిగూడలో సాయంత్రం బండి ఎక్కించండి, చాలు. ఇంత దూరం వచ్చేవాణ్ణి ఈ ఇంట్లో దిగమన్నది నేను. వాయించకుండా పంపించేదీ నేనే. ఇంక ఈ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని ఉండేది?"

ఆ సాయంత్రం పాడబోయే సూళ్ళూరు వరదయ్య గారంటే పెద్ద విద్వాంసుడు. ప్రొద్దుటూరులో ఒక పెళ్ళిలో శ్రీనివాసులు చెయ్యి విని, 'హైదరాబాదులో నా కచేరీ ఉంది, రా. పెద్ద ఊళ్ళో నిలబడితే నా వెంట తిప్పుకుంటాను' అన్నాడు. నిలబడకపోతే, మార్కెట్ యార్డులో బస్తాలు లెక్కపెట్టే ఉద్యోగం వాళ్ళ నాన్న ముందే మాట్లాడి పెట్టాడు.

"ఒక్క గంట ఆగు," అని పార్థసారథి సైకిలు తీశాడు.

సీతాఫల్‌మండి పోయాడు. సికింద్రాబాదు పోయాడు. అడగని గుడి లేదు. కానీ అది ధనుర్మాసం. పొద్దున తిరుప్పావై, సాయంత్రం భజన. ఊళ్ళో ఉన్న ప్రతి మృదంగమూ ఏదో ఒక దేవుడి కొలువులో ఉంది. ఒక గుళ్ళో పూజారి జాలిపడి, 'ఘటమైతే ఇస్తాను, నీళ్ళు పోసుకుంటున్నాం కానీ పలుకుతుంది' అన్నాడట. పార్థసారథి దండం పెట్టి వచ్చేశాడు.

అతడు తిరిగి వచ్చేసరికి రాజేశ్వరి పెరట్లో తాడు మీద ఆరేసిన తన చీర తీసుకుంటోంది. చెయ్యి చీర మీదనే ఉంది గానీ కదలడం లేదు.

"ఏమైంది?"

"మీ అమ్మ మడిచీరలు చూడండి."

తాడు మీద రెండు ఉన్నాయి. ఒకటి తెల్లవారకముందే స్నానం చేసి ఆరేసినది, పొడిగా ఉంది. రెండోది ఇంకా చెమ్మగా ఉంది.

ఆమె తోలు ముట్టుకుంటే తలమీద నీళ్ళు పోసుకోవలసిందే. ధనుర్మాసపు చలిలో, మోకాళ్ళ నొప్పుల మనిషి, కక్ష తీర్చుకోవడానికి రెండోసారి చన్నీళ్ళు పోసుకుంటుందా? కక్షే అయితే ముట్టుకోకుండా తీర్చుకునే దారులు ఆ ఇంట్లో బోలెడున్నాయి.

"అక్కా," శ్రీనివాసులు నోరు విప్పాడు. పొద్దుటి నుంచి అదే మొదటి మాట. "నిన్న నన్ను పిలిచి అడిగింది అత్తమ్మ. 'పెద్దపెద్దోళ్ళంతా వస్తారంట గదా నాయనా, వాళ్ళ ముందర పెట్టే వస్తువు ఇంత మురికిగా ఉంటే ఎట్ల' అని. నేను నవ్వి ఊరుకున్నా. అది మురికి గాదని చెప్పింటే పోయేది."

రాజేశ్వరి వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యి మీది పాలు దించి ఉన్నాయి. మూత పెట్టి ఉంది.

గౌరమ్మ లేదు.

పూజగదిలో లేదు, వీధిలో లేదు. మోకాళ్ళ నొప్పులని వీధి చివరి గుడికి కూడా ఒంటరిగా పోని మనిషి ఎక్కడికి పోయినట్టు? పార్థసారథి మళ్ళీ సైకిలెక్కాడు. ఈసారి అతడు వెతికేది మృదంగాన్ని కాదు.

వెనక వీధిలో, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బిక్షపతి ఇల్లుంది. జనగామ దిక్కు నుంచి వచ్చిన క్రైస్తవులు. అతని భార్య లచ్చమ్మ లేడీస్ హాస్టల్లో వంట చేస్తుంది. వీళ్ళ పెరటికీ వాళ్ళ పెరటికీ నడుమ ఒక్కటే గోడ. వాళ్ళింట్లో కరివేపాకు చెట్టు దట్టంగా పెరుగుతుంది. లచ్చమ్మ రోజూ గుప్పెడు తుంచి ఇస్తుంది. 'గోడమీద పెట్టు' అంటుంది గౌరమ్మ. లచ్చమ్మ పెట్టి వెళ్ళాక నీళ్ళు చల్లి తీసుకుంటుంది. ఇన్నేళ్ళలో ఆ గోడకు అవతలి ముఖం ఎలా ఉంటుందో గౌరమ్మ ఎరగదు.

ఆనాడు చూసింది.

"ఏంది పెద్దమ్మా, తొవ్వ తప్పిన్రా?" లచ్చమ్మ చేతిలోని చాట కింద పెట్టేసింది.

"లేదమ్మీ. మీ ఇంటికే వచ్చినాను."

"మా ఇంటికా! కూసోన్రి... కూసుంటరా?"

గౌరమ్మ అరుగు వైపు చూసింది. మోకాళ్ళు చూసుకుంది. కూర్చుంది.

"సాయంత్రాలు మీ ఇంట్లో మద్దెల వాయిస్తారు గదా. భజన. దేవుడి పాటలు."

"మా ఆయన. చర్చిల గూడ ఆయనే కొడ్తడు. మీకు నిద్ర ఖరాబయితున్నదా? చెప్తే బందు జేపిస్త..."

"బందు చెయ్యడానికి గాదు. ఆ మద్దెల కావల్ల."

లచ్చమ్మ నోరు తెరిచింది. "మీకా? అది తోలు పెద్దమ్మా. ముట్టుకుంటరా?"

"పొద్దున ముట్టుకునే ఈ తంటా తెచ్చుకున్నా తల్లీ."

లోపలి నుంచి బిక్షపతి వచ్చాడు. ఎడమచేతికి మణికట్టు దాకా పట్టీ. నిన్న వర్క్‌షాపులో నలిగిందట. గౌరమ్మ అంతా చెప్పింది. ఉప్మా సంగతి చెప్పింది, మసి సంగతి చెప్పింది. బిక్షపతి నవ్వకూడదనుకున్నాడు. పట్టీ ఉన్న చేతిని నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆగలేదు. గోడకు ఆనుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"బూడిద పెట్టి తోమిన్రా పెద్దమ్మా? మెరిసిందా?"

"మెరిసింది నాయనా. అద్దం మాదిరి మెరిసింది." ఆమె తన అరచేతులు చూసుకుంది. "నా కోడలు పెట్టె సర్దుకునింది. ఆ పిల్లోని మొగం చూడలేక వచ్చేసినా. నేను బాగుచేద్దామనే చేసినా. ఇప్పుడు చెప్తే ఎవరు నమ్ముతారు?"

అతని నవ్వు ఆగిపోయింది. లోపలికి పోయి, ఒక్క చేత్తో మద్దెలను చంకకు ఎత్తి తెచ్చాడు. నల్లబడిన పాత చెక్క, కొత్తగా వేయించిన మూతలు.

"తీస్కపోన్రి. లచ్చా, జర పట్టుకపో. పెద్దమ్మ మొయ్యలేదు."

"నేనే మోస్తా," అంది గౌరమ్మ.

ఎదురుగా సైకిలు తొక్కుకుంటూ వచ్చిన పార్థసారథి వీధి మలుపులో చూసిన దృశ్యం ఇది: మడిచీర కట్టుకున్న తన తల్లి, మద్దెలను పసిబిడ్డలా రెండు చేతులా పొదుముకుని, కుంటుకుంటూ వస్తోంది. వెనక లచ్చమ్మ, 'జారిపోతది పెద్దమ్మా, గట్లగాదు, కిందికెల్లి పట్టుకోన్రి' అంటూ వస్తోంది. అతడు బ్రేకు వెయ్యడం మరిచిపోయాడు. సైకిలు దానంతటదే మర్యాదగా ఆగింది.

గౌరమ్మ ఇంట్లోకి వచ్చి మద్దెలను శ్రీనివాసులు ముందు పెట్టింది. రాజేశ్వరి గడపలో నిలబడి ఉంది. అత్తా కోడలూ ఒకరినొకరు చూసుకున్నారు. రాజేశ్వరి వరండాలోని ట్రంకుపెట్టెను పక్కకు జరిపింది.

"కచేరీకి వేళయితాంది," అన్నాడు శ్రీనివాసులు, మద్దెల మూత మీద చెవి పెట్టి.

ఆర్ట్స్ కాలేజీ ముందు షామియానా వేశారు. జంపఖానాల మీద మఫ్లర్లు చుట్టుకున్న ప్రొఫెసర్లు, వాళ్ళ వెనక ఆడవాళ్ళు, మెట్ల మీద హాస్టలు కుర్రాళ్ళు. వర్క్‌షాపు వాళ్ళు సైకిళ్ళకు స్టాండు వేసి రోడ్డు వారన నిలబడ్డారు. చలికి గుంపు దగ్గర దగ్గరగా జరిగింది. పెద్ద నగరంలో మనుషులు అంత దగ్గరగా కూర్చోవడానికి చలి అయినా ఉండాలి, సంగీతమైనా ఉండాలి. ఆ సాయంత్రం రెండూ ఉన్నాయి.

గౌరమ్మ మొదటి వరసల్లో కూర్చోలేదు. రోడ్డు పక్కన లచ్చమ్మా బిక్షపతీ ఉన్న చోటికి పోయి కూర్చుంది. రాజేశ్వరి వచ్చి, కొంచెం ఎడంగా, అదే జంపఖానా కొస మీద కూర్చుంది.

వేదిక మీద శ్రీనివాసులు చెమటలు కారుస్తున్నాడు. చిన్న రాయితో మద్దెల అంచు కొడుతున్నాడు, వాయిస్తున్నాడు, తల అడ్డంగా ఊపుతున్నాడు. తంబురా శ్రుతి ఒక చోట ఉంది, మద్దెల శ్రుతి దానికి ఒక మెట్టు కింద ఉంది.

"ఏమబ్బాయీ?" వరదయ్య గారు వంగి అడిగాడు. మైకు ముందే ఉంది కాబట్టి ఊరంతా వింది.

"అయ్యా, మీ శ్రుతికి ఎక్కడం లేదు. ఇంకా బిగిస్తే చిరిగేటట్టుంది. ఇది నాది కాదు. భజన మద్దెల."

రాజేశ్వరి పైటకొంగు వేలికి చుట్టుకుంది. బిక్షపతి, 'నా మద్దెల ఇజ్జత్ తీస్తున్నది' అని గొణిగాడు. 'పోయేది మీ పరువు గాదు నాయనా, నాది' అంది గౌరమ్మ.

వరదయ్య గారు కుర్రవాణ్ణి చూశాడు. మద్దెలను చూశాడు. తర్వాత తంబురా వేసే ఆమె వైపు తిరిగి చేత్తో సైగ చేశాడు, దించమని.

"ఈ గొంతు ముసలిదైందమ్మా. ఎప్పటి నుంచో ఒక మెట్టు దిగాలని దానికి ఉంది. సాకు దొరక్క ఎక్కి కూర్చుంది. ఈరోజు దొరికింది."

తంబురా దిగింది. వయొలిన్ దిగింది. అందరూ దిగివచ్చి మద్దెల దగ్గర కలిశారు.

అప్పుడు పాట మొదలైంది.

మోహన రాగం అందుకునేసరికి మఫ్లర్లు విప్పారు. శంకరాభరణం వచ్చేసరికి సీతాఫల్‌మండి స్టేషన్లో బయలుదేరవలసిన బండి ఒకటి, డ్రైవరుకు మనసు రాక, ఈల వెయ్యకుండా నిలబడింది. మౌలాలి గుట్ట ఆ పూట ఒక అడుగు ఇటు జరిగిందని చెప్పేవాళ్ళున్నారు. నేను కొలిచి చూడలేదు. కొలిచినవాళ్ళు అడుగున్నర అంటారు.

దిగిన శ్రుతిలో ఆయన గొంతుకు కొత్త లోతు వచ్చింది. ఆ లోతుకు మద్దెల ఎడమ మూత గుమ్మని తోడు పలికింది. మొదట్లో శ్రీనివాసులు దానితో కుస్తీ పట్టాడు. తన మృదంగంలా పలకమన్నాడు. అది పలకలేదు. కాసేపటికి అతడు అడగడం మాని, అది ఏమంటుందో వినడం మొదలుపెట్టాడు.

తర్వాత వరదయ్య గారు పాట ఆపి, తాళం మాత్రం పట్టుకుని, "ఊఁ, నీదే," అన్నాడు.

కుర్రవాడు నెమ్మదిగా ఎత్తుకున్నాడు. చినుకుల్లా, తర్వాత వానలా, తర్వాత రేకుల కప్పు మీద వడగళ్ళలా. ఎక్కడికో ఎక్కించి, ఉన్నట్టుండి ఆపి, ఒక చిన్న నడక వేశాడు. వారం రోజులుగా సాయంత్రాలు పెరటిగోడ మీదుగా విన్న నడక అది. భజనలో అందరూ చప్పట్లు కొట్టే చోట బిక్షపతి వేసే నడక.

రోడ్డు వారన నిలబడిన వర్క్‌షాపు వాళ్ళ చేతులు తమంతట తామే లేచాయి. చప్పట్లు వాళ్ళ దగ్గర పుట్టి మెట్ల మీది కుర్రాళ్ళకు పాకి, ప్రొఫెసర్ల దాకా వెళ్ళాయి. వరదయ్య గారు పకపకా నవ్వుతూ తాళం వేస్తున్నాడు.

"గది నాది! గది నేను కొట్టేది!" బిక్షపతి భార్య భుజం పట్టుకుని ఊపేస్తున్నాడు. పట్టీ వేసిన చెయ్యి అనే సంగతి అతనికి గుర్తు లేదు.

గౌరమ్మ మోకాలి మీద తాళం వేస్తోంది. తప్పుగానే వేస్తోంది. ఆ సాయంత్రం ఎవరూ ఆమెను దిద్దలేదు. రాజేశ్వరి ఎప్పుడు జరిగిందో, ఇద్దరి నడుమ ఉన్న ఎడం లేకుండా పోయింది.

ఎన్ని కచేరీలు విన్నా, కొన్ని సాయంత్రాలు మనం సంపాదించుకున్నవి కావు. ఎవరో ఒక మెట్టు దిగితే, ఎవరో ఒక వస్తువు ఇస్తే మనకు దక్కినవి. అక్కడున్నవాళ్ళు చాలాకాలం ఆ సాయంత్రం పేరు చెప్పుకుని బతికారు.

కచేరీ ముగిశాక వరదయ్య గారు వేదిక దిగి వచ్చాడు. శ్రీనివాసులు వెనకే మద్దెల ఎత్తుకుని ఉన్నాడు.

"ఇది ఎవరిదమ్మా?"

గౌరమ్మ బిక్షపతిని చూపించింది. వరదయ్య గారు రెండు చేతులూ జోడించాడు. బిక్షపతి బెదిరిపోయి, పట్టీ చేత్తోనే దండం పెట్టాడు.

"వచ్చే నెల బెజవాడలో పాడుతున్నాను. ఈ అబ్బాయి నాతో వస్తున్నాడు," అని ఆయన పార్థసారథి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

రాజేశ్వరి తమ్ముడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. "అత్తమ్మా..." అంది.

"సర్లే. ఆకలిగా ఉండాది, పదండి," అంది గౌరమ్మ, కళ్ళు ఒత్తుకుంటూ.

లచ్చమ్మ కదలలేదు.

"చెల్లె, ఒక్క మాట," అంది రాజేశ్వరితో. "రేపు అయితారం. చర్చిల ఆరాధన ఉన్నది. మా ఆయన చెయ్యి చూస్తున్నవ్ గదా, కొట్టనీకి రాదు. మీ తమ్ముడు వచ్చి జర వాయిస్తడా? ఇందాక ఇన్నప్పటి నుంచి అడుగుదామని ఉన్నది. మీకు నడుస్తదో నడవదో..."

శ్రీనివాసులు అక్క వంక చూశాడు. అక్క మొగుడి వంక చూసింది. మొగుడు, అలవాటు ప్రకారం, తల్లి వంక చూశాడు.

గౌరమ్మ మద్దెల వంక చూసింది. జంపఖానాలు చుట్టేస్తున్నారు. సైకిళ్ళ గంటలు దూరమవుతున్నాయి.

"వాడు వస్తాడు," అంది. "మీరు అడక్కపోయినా పంపించాల్సిందే. ఇప్పుడు నేనడిగేది నా సంగతి లచ్చమ్మా. నేను గూడా వస్తే... నన్ను యాడ కూర్చోమంటావు?"

పేరు పెట్టి పిలవడం అదే మొదలు. లచ్చమ్మ పెదవుల మీద నవ్వు మొదలై, సగంలోనే ఆగిపోయింది. ఆమె గౌరమ్మ కళ్ళలోకి సూటిగా చూసింది. గోడమీద పెట్టి వచ్చిన ఇన్నేళ్ళ కరివేపాకు ఆ చూపులో ఉంది.